తప్పుకు పెట్టిన పేర్లు

జెసింత మా టీములోకి వచ్చేనాటికి నాకు టెస్టింగులో పదహారేళ్ళు నిండాయి. తిరువనంతపురం ఐటీ పార్కులో, ఆరో అంతస్తులో మా ఆఫీసు. డెవలపర్లు రాసిన ప్రోగ్రాము ఎక్కడ విరుగుతుందో, ఎప్పుడు మొరాయిస్తుందో వెతికి పట్టుకోవడం మా పని. పట్టుకున్న ప్రతి తప్పుకూ ఒక టికెట్టు రాస్తాం, దానికో నంబరు వేస్తాం. ఆ తప్పు వల్ల ఎంత నష్టమో చెప్పేది సివియారిటీ. ఎంత త్వరగా బాగుచెయ్యాలో చెప్పేది ప్రయారిటీ. మొదటిది టెస్టరు వెయ్యాలి, రెండోది మేనేజరు వెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం నేనే చెప్పేదాన్ని. దెబ్బ ఎంత లోతో చూసేది మనం, కట్టు ఎప్పుడు కట్టాలో చెప్పేది వాళ్ళు అనేదాన్ని. దెబ్బ లోతును కూడా వాళ్ళే మార్చేస్తారని మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు తెలియక కాదు.

జెసింత తీరం పిల్ల. వాళ్ళ నాన్న, ఇద్దరు చిన్నాన్నలూ చేపల వేటకు వెళ్ళేవాళ్ళు. మనిషి బక్కపలచన, మాట మాత్రం కంచు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే రోజూ చేపే. పక్క టీమువాళ్ళు ఒకసారి, "నీ డబ్బా మూత తీస్తే ఆరో అంతస్తుకి సముద్రం వచ్చేస్తోంది జెసింతా" అని ఎకసెక్కమాడారు. "మీరెలాగూ సముద్రం దాకా రారు కదా, అందుకే దాన్నే పిలుచుకొచ్చా" అంది, తలెత్తకుండా ముల్లు తీసుకుంటూ. నన్ను చేచీ అనేది. సొంత అక్కను పిలిచినట్టే పిలిచేది.

ఆ ఏడాది మాకు కడల్‌కాక్క పని వచ్చింది. తీరంలో తిరిగే తెల్లటి సముద్రపు కాకి పేరది. మత్స్యకారుల సహకార సమాఖ్య ఒకటి తన సభ్యుల కోసం ఆ పేరుతో ఫోన్ యాప్ చేయించుకుంటోంది. సముద్రం ఎలా ఉందో, గాలి ఎటునుంచి వస్తోందో సమాఖ్య ఆఫీసు నుంచి కబురు పంపిస్తే పడవలో ఉన్నవాడి ఫోనులో కనబడాలి. చదువు రానివాళ్ళకు కూడా అర్థం కావాలని తెర పైభాగమంతా రంగు పరిచారు. ఆకుపచ్చ అయితే వేట చేసుకోవచ్చు. ఎరుపు అయితే వెంటనే ఒడ్డుకు రావాలి. కబురు పంపిన సమయం రంగు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆఫీసులో కూర్చుని చూస్తే అంతా బాగానే పనిచేసింది. జెసింతకు మాత్రం తృప్తి లేదు. ఏసీ గదిలో ఎవరూ వల వెయ్యరని గొణిగేది. ఒక శనివారం, ఎవరూ అడక్కుండానే, రెండు ఫోన్లు తీసుకుని చిన్నాన్న పడవలో సముద్రం మీదికి వెళ్ళింది. నేను ఆఫీసులో ఉండి కబుర్లు పంపాలని ముందే మాట్లాడుకున్నాం. ఆరింటికి ఆకుపచ్చ కబురు పంపాను. పదింటికి ఎరుపు పంపాను. ఆ రెండు సమయాల్లోనూ పడవ సిగ్నల్ అందనంత దూరంలో ఉంది.

పదకొండున్నరకు నాకు ఫోన్ చేసింది. సిగ్నల్ అందే చోటికి వచ్చారట. ఆగిపోయిన కబుర్లు రెండూ ఒకేసారి దిగాయట. ముందు ఎరుపు దిగింది, దాని తర్వాత ఆకుపచ్చ దిగింది. చివర దిగినదే కొత్తదనుకుని యాప్ దాన్ని పైన పరిచింది. "చేచీ, ఒడ్డుకు రమ్మని మీరు చెప్పి గంటన్నరైంది. నా చేతిలో ఉన్న రెండు ఫోన్లూ హాయిగా వేట చేసుకోమంటున్నాయి" అంది. 

సోమవారం పొద్దున టికెట్టు రాసింది. నంబరు 1147. ఆ తప్పును మళ్ళీ రప్పించడానికి ఏం చెయ్యాలో వరుసగా రాయడం మా పద్ధతి. మొదటి మెట్టు: వేటకు వెళ్ళండి. రెండోది: సిగ్నల్ పోయేదాకా వెళ్ళండి. ఆ కింద సమయాలతో సహా ఫోటోలు పెట్టింది. సివియారిటీ గడిలో ఒకటి వేసింది. ప్రాణం పోయే తప్పుకు వేసే అంకె అది.

బుధవారం టికెట్ల మీటింగు. మా ప్రాజెక్టు మేనేజరు హరీంద్రనాథ్ బల్ల చివర కూర్చున్నాడు. ఆయన ఎన్నడూ గొంతు పెంచడు. పెళ్ళి భోజనాల్లో కొసరి వడ్డించేవాడిలా మాట్లాడతాడు, తినకపోతే తప్పు మనదే అనిపిస్తుంది. డెవలపర్లకు లీడ్ ఉన్మేష్ అనే కుర్రవాడు. నేను టెస్టర్లకు లీడ్‌ని, టికెట్లలో ఏ మార్పు జరిగినా నా లాగిన్‌తోనే జరగాలి.

ఉన్మేష్ ముందుగా, ఆ తప్పు తనకు రీప్రొడ్యూస్ కాలేదన్నాడు. మళ్ళీ రప్పించలేని తప్పు లేనట్టే లెక్క.

"ఎక్కడ చూశారు?" అని అడిగింది జెసింత.

"ఇక్కడే, నా సీట్లో. ఫోన్ పట్టుకుని లిఫ్టులోకి కూడా వెళ్ళాను."

"లిఫ్టులో మీరు రెండు నిమిషాలుంటారు. సిగ్నల్ లేనిచోట మా చిన్నాన్న ఆరు గంటలుంటాడు."

ఒకరిద్దరు నవ్వారు. హరీంద్రనాథ్ కూడా చిరునవ్వు నవ్వి, ఇది అంచు కేసు అన్నాడు. వెయ్యిమందిలో ఒకరికి ఎప్పుడో ఎదురయ్యేదాన్ని మేం అలా అంటాం.

"కాదు సార్" అంది ఆమె. "వేటకెళ్ళే ప్రతి పడవా రోజూ సిగ్నల్ దాటే వెళ్తుంది. చేపలు టవరు కింద ఉండవు."

ఆయన మాట మార్చాడు. సమాఖ్యవాళ్ళు సంతకం పెట్టిన పత్రం తెరిచి ఒక వాక్యం చూపించాడు. తాజా కబురు పైన కనబడాలి, అని ఉంది. తాజా అంటే తాజాగా పంపినదా, తాజాగా అందినదా అన్నది అందులో లేదు. ప్రోగ్రాము అందినదాన్ని చూపిస్తోంది కనుక డిజైన్ ప్రకారమే పనిచేస్తోందన్నాడు. అలాంటప్పుడు ఇది తప్పు కాదు, మెరుగుపరచడానికి ఒక సూచన. సూచనకు సివియారిటీ ఒకటి ఎలా వేస్తారు? మూడు వెయ్యాలి. తర్వాతి వెర్షన్లో చూద్దాం. పదకొండు రోజుల్లో కడప్పురంలో ప్రారంభోత్సవం పెట్టుకున్నారు, పందిళ్ళకు చెప్పేశారు, కార్డులు అచ్చయిపోయాయి.

పావుగంటలో ఆ తప్పుకు మూడు పేర్లు పెట్టాడు. ఒక్కొక్క పేరు పెట్టినకొద్దీ అది చిన్నదవుతూ వచ్చింది. ఆఖరికి నా వైపు తిరిగి, "ప్రసీదా, మార్చెయ్" అన్నాడు.

సముద్రం మీద ఎరుపు కన్నా నాలుగు గంటల ముందు పంపిన కబురు పైకి వచ్చిందని నాకు తెలుసు. ఆ కబుర్లు పంపింది నేను. బల్ల చుట్టూ ఉన్న తొమ్మిదిమందిలో, అది నిజమని సాక్ష్యం చెప్పగలిగినదాన్ని జెసింత తర్వాత నేనొక్కదాన్నే. ఆమె నా మొహంలోకే చూస్తోంది. నేను ల్యాప్‌టాప్ తెర చూశాను. ఒక గడిలో 'తప్పు' తీసేసి 'సూచన' అని ఎంచుకున్నాను. ఇంకో గడిలో ఒకటి తీసేసి మూడు వేశాను. కారణం రాయాల్సిన చోట 'చర్చించి నిర్ణయించడమైనది' అని కొట్టాను. అందులో నేను చర్చించిందీ లేదు, నిర్ణయించిందీ లేదు.

మీటింగు అయ్యాక ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వారం తర్వాత టెస్టింగు రిపోర్టు మీద సంతకాలు కావాలి. సివియారిటీ ఒకటి, రెండు ఉన్న తప్పులేవీ మిగిలిలేవు అనే వాక్యం అందులో ఉంటుంది. కడల్‌కాక్కను పరీక్షించింది జెసింత కాబట్టి మొదటి సంతకం ఆమెది. హరీంద్రనాథ్ గదిలోకి పిలిచి కాగితం ముందుకు జరిపాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మొన్నటిదాకా ఒకటి ఉండేది సార్" అంది జెసింత. "దాన్ని మూడు చేశారు. ఇప్పుడేమో ఒకటి లేదని రాశారు. నేను పెట్టను."

సంతకం పెట్టకపోతే ప్రోగ్రాము ఆగిపోతుందని అనుకుంటున్నావా అని ఆయన మెల్లగా అడిగాడు. టీములో కలిసి నడవడం రానివాళ్ళకు ముందు ముందు కష్టమవుతుందన్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి, కష్టం తమ ఇంట్లో కొత్త చుట్టమేమీ కాదంది. మర్నాటికి ఆమెను ప్రాజెక్టు నుంచి తప్పించారు. తప్పించామని రాయరు, రిలీజ్ చేశామని రాస్తారు. బెంచీ మీద కూర్చోబెట్టారు. పనిలేకుండా ఖాళీగా కూర్చునే శిక్షకు మా ఆఫీసుల్లో వాడే మాట అది.

ఆ కాగితం మీద ఆమె బదులు నేను సంతకం పెట్టాను.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. చెండమేళం డప్పులు పెట్టారు, ఉపన్యాసాలిచ్చారు, పడవలు నడిపే సరంగులకు ఫోన్లు పంచారు. మా కంపెనీ గోడ మీద ఆ ఫోటో ఇంత పెద్దది వేలాడదీశారు. జెసింత మాత్రం ఊరుకోలేదు. తమ ఊళ్ళో చేపల వేలం వేసేచోట, పడవలు లాగే ఇసుక దగ్గర, చర్చి పారిష్ హాలు తలుపు మీద చేత్తో రాసిన కాగితాలు అతికించింది. పైనున్న రంగును నమ్మొద్దు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న సమయం చూడండి, రెండు కబుర్లుంటే ఏది ఆలస్యంగా పంపారో అదే నిజం, అని రాసింది. ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ చేత కూడా ఆ మాట చెప్పించింది. దాంతో ఆ చుట్టుపక్కల మూడు నాలుగు ఊళ్ళవాళ్ళు జాగ్రత్తపడ్డారు.

ఎవరో ఆ కాగితాన్ని ఫోటో తీసి కంపెనీకి పంపారు. ఆఫీసు రహస్యాన్ని బయటపెట్టినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని ఆమెకు నోటీసు ఇచ్చారు. ఆ నోటీసు చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. సూచన అని కొట్టిపారేసినది రహస్యం ఎప్పుడయింది? తప్పే కానిదాన్ని గోడకు అతికిస్తే ఎవరి పరువు పోతుంది? ఈ ప్రశ్నలు హెచ్చార్ గదికి వెళ్ళి అడగాల్సింది. ఇంట్లో మా ఆయన దగ్గర అడిగాను. ఆయన, నువ్వు కలగజేసుకోకు అన్నాడు. నేను కలగజేసుకోలేదు.

సెప్టెంబరు రెండో వారంలో ఒక గురువారం గాలి తిరిగింది. సమాఖ్య ఆఫీసువాళ్ళు తమ పని తాము చేశారు. పొద్దున ఆరింటికి బాగానే ఉందని ఆకుపచ్చ పంపారు, పదింటికి వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ఎరుపు పంపారు. జెసింత కాగితం చేరని ఒక ఊరుంది, వాళ్ళ ఊరికి ఉత్తరాన బస్సులో రెండు గంటల దూరం. అక్కడి నుంచి తెల్లవారకముందే బయలుదేరిన పడవలో ముగ్గురున్నారు. సరంగు పేరు లియోన్స్, యాభై నాలుగేళ్ళ మనిషి. ఆయన మేనల్లుడు సిల్వస్టర్, ఇంకొకతను. పదకొండింటికి వాళ్ళు వల మార్చుకోవడానికి తీరం వైపు కొంత దూరం వచ్చారు. ఫోన్ మోగింది. లియోన్స్ మెడలోని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి చూశాడు. ఆకుపచ్చగా ఉంది. పడవ మళ్ళీ లోపలికి తిప్పాడు.

రెండు గంటలకు తిరగబడింది. సిల్వస్టరూ ఇంకొకతనూ బోర్లాపడ్డ పడవను పట్టుకుని వేలాడారు. మర్నాడు మధ్యాహ్నం ఒక ట్రాలరు వాళ్ళను ఎక్కించుకుంది. లియోన్స్ దొరకలేదు.

ఆ వార్త ఆఫీసులో అందరం పేపర్లో చదివాం. హరీంద్రనాథ్ ఆ రోజు పదిన్నరకల్లా మీటింగు పిలిచాడు. ప్రమాదమనే మాట వాడొద్దు, 'ఇన్సిడెంట్' అని రాయాలన్నాడు. మూల కారణం తేల్చి సమాఖ్యకు రిపోర్టు ఇవ్వాలి, విచారణ వేస్తున్నారట. సాయంత్రానికి రిపోర్టు తయారైంది. మూల కారణం: యూజర్ పొరపాటు. కబురు పంపిన సమయం తెర మీద ఉన్నప్పటికీ యూజర్ గమనించలేదు. కిందికి జరిపితే రెండో కబురు ఉన్నప్పటికీ యూజర్ జరపలేదు.

అందరూ వెళ్ళాక హరీంద్రనాథ్ నన్ను ఆగమన్నాడు. ఆ రోజు తారీఖుతో కొత్త టికెట్టు ఒకటి రాయించానన్నాడు, నంబరు 1630. 1147ను దానికి డూప్లికేట్ అని చూపించి మూసెయ్యమన్నాడు. ఒకే తప్పుకు రెండు టికెట్లు పడితే ఒకటి అలా మూసెయ్యడం మామూలే. కాని మూసేది తర్వాత వచ్చినదాన్ని. ఇక్కడ ముందుదాన్ని మూసెయ్యమంటున్నాడు. అది మూస్తే ఈ సంగతి మనిషి పోయాకే మా దృష్టికి వచ్చినట్టు లెక్క. చూస్తానని చెప్పి బయటికి వచ్చాను.

కింద టీ కొట్టు దగ్గర ఉన్మేష్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. పళంపొరి, అదే అరటిపండు బజ్జీ, ముక్క చేతిలో పట్టుకున్నాడు గాని నోట్లో పెట్టుకోవడం లేదు. నన్ను చూసి కళ్ళు దించుకున్నాడు.

"చేచీ, అది బాగుచెయ్యడానికి నాకు నాలుగు గంటలు పట్టింది" అన్నాడు.

ఇవాళ చేశావా అని అడిగాను.

"ఇవాళ కాదు. జెసింత టికెట్టు రాసిన వారమే. మనసు ఆగక చేసి పెట్టాను. నా మిషన్లో ఉంది. సార్‌కి చూపించాను. అది కలిపితే మొత్తం మళ్ళీ టెస్ట్ చెయ్యాలి, నాలుగు రోజులు పడుతుంది, తారీఖు తప్పుతుంది, కలపొద్దన్నారు. సరేనన్నాను."

 అందాకా నాలో ఒక సాకు ఉండేది. ఏదో తెలియక, తొందరలో, అర్థంకాక జరిగిపోయిందని. ఆ సాకు అక్కడ టీ కొట్టు ముందే చచ్చిపోయింది. మందు చేతిలో పెట్టుకుని, పందిరి కోసం, ఉపన్యాసాల కోసం నాలుగు రోజులు ఆగలేక పక్కన పడేశారు. మళ్ళీ ఇప్పుడు, సరిగా చూసుకోలేదని చచ్చిపోయినవాడినే తప్పుపడుతున్నారు.

"ఆ మాట విచారణలో చెప్తావా?" అన్నాను. పెళ్ళి కుదిరింది చేచీ, అన్నాడు. అంతకుమించి నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

మా టికెట్లలో ఒక గుణముంది. ఏది మార్చినా, ఎవరు మార్చారో, ఏ రోజు ఏ నిమిషంలో మార్చారో అడుగున నమోదవుతుంది. దాన్ని చెరపడం మేనేజరు తరం కూడా కాదు. పైకి వెళ్ళి 1147 తెరిచి ఆ చరిత్ర మొత్తం అచ్చు తీశాను. ఆరు పేజీలు వచ్చింది. మూడో పేజీ నిండా నా పేరే.

విచారణ సమాఖ్య హాలులో జరిగింది. విచారణ అధికారి రిటైరైన జిల్లా జడ్జి, పెద్దావిడ. ఒకవైపు మా కంపెనీవాళ్ళు, ఇంకోవైపు తీరంవాళ్ళు. లియోన్స్ భార్య ఎమిలియా తెల్ల చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. పక్కన సిల్వస్టర్, చేతులకు ఇంకా కట్లున్నాయి. వాళ్ళ వెనక జెసింత. ఆమె సెలవు పెట్టి వచ్చింది. నన్ను చూసింది గాని పలకరించలేదు.

హరీంద్రనాథ్ రిపోర్టు చదివాడు. ఆ మెత్తటి గొంతుతో పేజీ తర్వాత పేజీ చదివాడు. యూజర్ గమనించలేదు. యూజర్ సూచనలు పాటించలేదు. యూజర్‌కు తగిన అవగాహన లేదు. పావుగంట గడిచాక ఎమిలియా లేచి నిలబడింది. కూర్చోమని ఎవరో సైగ చేశారు. జడ్జిగారు మాట్లాడనివ్వమన్నారు.

"అయ్యా, ఇందాకట్నుంచి వింటన్నాను" అంది ఆమె. "యూజరు చూళ్ళేదు, యూజరు చదవలేదు అంటన్నారు. ఎవరు ఆ యూజరు?"

హరీంద్రనాథ్ కాగితాలు సర్దుకుని, అది సాధారణంగా వాడే మాటేనని, ఇక్కడ ఆమె భర్తను ఉద్దేశించినదని చెప్పాడు.

"ఆయనకి పేరుంది. లియోన్స్. ముప్పయ్యారేళ్ళు వేటకెళ్ళాడు. గాలి మొహానికి తగిలితే చాలు, మధ్యాహ్నం ఎట్టుంటదో చెప్పేవాడు. ఆ రోజు కూడా గాలి బాలేదన్నాడంట. ఈ పిల్లోణ్ణడగండి. ఫోను చూసి, చదువుకున్నోళ్ళు చేసింది, మనకన్నా దానికే తెలుస్తదిలే అని పడవ తిప్పాడంట. మిమ్మల్ని నమ్మాడయ్యా. అదే ఆయన చేసిన తప్పైతే పేరు పెట్టి చెప్పండి. లియోన్స్‌ది తప్పు అని నా మొహం చూసి చెప్పండి."

 హరీంద్రనాథ్ ఆమె మొహం చూడలేదు. రిపోర్టు మీదే కళ్ళు పెట్టి, తమకు ఈ విషయం ఇన్సిడెంట్ తర్వాతే తెలిసిందని, టికెట్టు కూడా అప్పుడే నమోదైందని అన్నాడు.

అప్పుడు నేను లేచాను. గొప్ప ధైర్యమేమీ కాదు. ఆ అబద్ధం విని కూడా కూర్చుంటే ఇక జన్మలో లేవలేనని తెలిసింది.

"అది నిజం కాదు మేడమ్" అన్నాను. "ప్రమాదానికి నెలన్నర ముందే తెలుసు. జెసింత పట్టుకుంది. ప్రాణం పోతుందని రాసింది. అది కొట్టేసింది నేను. మార్చమని వీళ్ళు చెప్పారు, మార్చింది మాత్రం నా చెయ్యే. ఇదిగో తారీఖులు."

ఆరు పేజీలూ జడ్జిగారి ముందు పెట్టాను. మా కంపెనీ లాయరు లేచి, అవి దొంగతనంగా తెచ్చిన పత్రాలన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని, దొంగ తన పేరున్న కాగితం తనే తెచ్చి ఇవ్వడం తన సర్వీసులో చూడలేదన్నారు. మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. వెనక వరసలోంచి ఉన్మేష్ లేచాడు. మొహం పాలిపోయి ఉంది. తన దగ్గర కూడా చెప్పాల్సింది ఉందన్నాడు. నాలుగు గంటల సంగతి, నాలుగు రోజుల సంగతి చెప్పాడు.

విచారణ నివేదిక రావడానికి మరో రెండు నెలలు పట్టింది. లోపం ముందే తెలిసీ దాచారని తేల్చింది. మొదటి పేజీలో మొదటి వాక్యం లియోన్స్ పేరుతో మొదలైంది. సమాఖ్య మా కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. పోలీసు కేసు నడుస్తోంది, ఎప్పటికి తేలుతుందో ఎవరికీ తెలియదు. హరీంద్రనాథ్‌ను కొచ్చి ఆఫీసుకు మార్చారు, హోదా అలాగే ఉంది. కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది, జరిగినదానికి చింతిస్తున్నామని. ఎవరు ఏం చేస్తే జరిగిందో ఆ ప్రకటనలో లేదు. వాక్యంలో కర్త లేకుండా రాయడం మాకు చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు.

నన్ను వాళ్ళు తీసేసే లోపల నేనే రాజీనామా ఇచ్చాను. జెసింతకిచ్చిన నోటీసు వెనక్కి తీసుకుని మళ్ళీ రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. సమాఖ్యలోనే చేరింది. ఇప్పుడు అక్కడ ఏ ప్రోగ్రామైనా ముందు పది పడవలవాళ్ళు నెల్లాళ్ళు సముద్రం మీద వాడి చూడాలి. వాళ్ళు సరేనంటేనే మిగిలిన ఫోన్లలోకి వెళ్తుంది. ఆ పదిమందిలో సిల్వస్టర్ ఒకడు. ఒకరోజు బస్టాండులో కనబడి ఈ సంగతులన్నీ జెసింతే చెప్పింది. మాట్లాడినంతసేపూ మేడమ్ అంది, చేచీ అనలేదు.

జనవరిలో ఒక పగటిపూట ఎమిలియా ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళానని చెప్పలేను, అడిగే హక్కు ఉందని నేను అనుకోలేదు. ఇంట్లో కూర్చుని ఉండలేకపోయాను, అంతే. ఆమె వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కంచెకు ఇవతల నేను, అవతల ఆమె.

పిల్లల గురించి అడిగాను. చెప్పింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఒకటడగాల అనుకున్నాను ఆ రోజే. ఆ అంకె మార్చావు గదా, ఒకటి తీసి మూడేశావు గదా. ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చాలాసేపు ఆలోచించానని, చెయ్యి వణికిందని, వేరే దారి లేకపోయిందని చెప్పాలనిపించింది.

"రెండు క్షణాలమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం తెచ్చుకోలేదు. కాకులు వాలుతున్నాయని అటు తిరిగి, కర్ర తీసుకుని ఎండుచేపల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కంచె పట్టుకుని కాసేపు నిలబడి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.